గోడ మీది గాసర్

మా మరిది రాదోసావ్ ఆ ఉదయం రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. మొదటిసారి అయ్యాక అద్దంలో చూసుకుని, దవడ కింద ఏదో మిగిలిందని మళ్ళీ సబ్బు రాశాడు. తెల్ల చొక్కా వేసుకుని గుండీలన్నీ పెట్టుకుని వంటింట్లో నా ఎదుట నిలబడ్డాడు.

"ఎలా ఉన్నాను వదినా?"

"పెళ్ళికి వెళ్ళేవాడిలా ఉన్నావు."

"పెళ్ళికి కూడా ఇంత నున్నగా గీయలేదు. అందుకే పెళ్ళికూతురు వెనక్కి పోయింది."

పెళ్ళికూతురు వెనక్కి పోయిన మాట నిజమే. ఆ తరవాత అతను మళ్ళీ ప్రయత్నించలేదు. ఇనుప కర్మాగారంలో పని చేసి, పింఛను వచ్చాక కొండ మీద మా ఇంటికి తిరిగి వచ్చేశాడు. నా భర్త బ్లాజో పోయి అప్పటికి రెండేళ్ళు. మాకు ఇద్దరూ ఆడపిల్లలే, అత్తవారిళ్ళలో ఉన్నారు. ఆ ఇంట్లో మిగిలింది నేనూ, రాదోసావూ. మా నల్లకొండల దేశంలో మగపిల్లలు లేని ఇంటిని కొవ్వొత్తి ఆరిన ఇల్లు అంటారు. మాది ఇంకా ఆరలేదు. రాదోసావ్ పోతే ఆరుతుంది, బొయానిచ్ అనే ఇంటిపేరు పలికేవాళ్ళు ఉండరు.

అందుకే అతను రెండుసార్లు గీసుకున్నాడు. కింద పట్టణంలో పాత కోర్టు భవనాన్ని మ్యూజియం చేస్తున్నారు. అందులో ఒక గది పద్దెనిమిది వందల డెబ్బై ఆరులో టర్కీ వాళ్ళతో చేసిన యుద్ధానికి. గది మధ్యలో గాజు పెట్టె, పెట్టెలో ఒక రివాల్వర్, దాని కింద అది ఎవరిదో ఆ మనిషి పేరు, ఇంటిపేరు. ఆ పేరు తన తాత సర్దార్ మితార్ బొయానిచ్‌ది కావాలని రాదోసావ్ కోరిక. వేరే కోరికలు అతనికి ఉన్నట్టు నాకు తెలియదు.

రివాల్వర్ మా ముందుగదిలో గోడ మీద మేకుకు ఉండేది. జేబులో పట్టే వస్తువు కాదు. మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఉంటుంది, ఎముక పిడి. గాసర్ అంటాం. పాత రాజు కాలంలో మగవాడన్న ప్రతివాడి నడుము పట్టీలోనూ ఒకటి ఉండేది. సర్దార్ మితార్ గురించి ఒంటితీగ వాద్యం మీద పాడే పాట ఒకటి ఉంది. శత్రువు కత్తి తల మీదకి వస్తుంటే మితార్ రివాల్వర్ అడ్డం పెట్టాడనీ, కత్తి గొట్టంలోకి దిగి ఇరుక్కుపోయిందనీ, అలా ఇరుక్కున్న కత్తితోనే పేల్చాడనీ ఆ పాట. మా గోడ మీది గాసర్ గొట్టానికి ఆ గంటు ఉంది. ఊరి పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు దాంట్లో గోరు పెట్టి చూసినవాళ్ళే.

ఆ రోజు వచ్చేది జాగ్రెబ్ నుంచి ఇవో లెస్కోవర్ అనే ఆయన. జీవితమంతా పాత సైనిక రివాల్వర్లు పోగు చేశాడట. ఏది అసలో ఏది కాదో తేల్చమని మ్యూజియం వాళ్ళు పిలిపించారు. చిన్న కారు మా గుమ్మం ముందు ఆగింది. దిగినాయన పొట్టిగా ఉన్నాడు, మెడలో రెండు భూతద్దాలు వేలాడుతున్నాయి. నేను కాఫీ, రకియా అనే పళ్ళ సారా, ఎండబెట్టిన పంది తొడ ముక్కలు బల్ల మీద పెట్టాను.

రాదోసావ్ గ్లాసు ఎత్తాడు. "ఇవో గారూ, మొదట మా తాత సంగతి చెప్పాలి. డెబ్బై ఆరులో—"

"ముందు ఇనుము, రాదోసావ్ గారూ. కథ తరవాత."

"కథ తెలియకుండా ఇనుము ఎలా తెలుస్తుంది?"

"కథ విన్నాక నాకు ఇనుము కనపడదు. అది నా జబ్బు. నిన్న ఒక పెద్దాయన భోజనం వేళ దాకా కథ చెప్పాడు. నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. తీరా గుడ్డ విప్పితే అది ఇటలీ పోలీసు పిస్తోలు."

"ఎవరాయన?"

"పేరు చెప్పకూడదు."

"పక్క లోయ వాడై ఉంటాడు. వాళ్ళ తాతలు ఇటలీ పోలీసులకు భయపడి దాక్కున్నారు. పిస్తోలు అక్కడే దొరికుంటుంది."

లెస్కోవర్ నవ్వాడు. రాదోసావ్ లేచి గాసర్‌ను మేకు మీద నుంచి దించాడు. పసిబిడ్డను దించినట్టు రెండు చేతులతో దించాడు. నేను ఉల్లిపాయలు తరగడానికి వంటింట్లోకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది.

ఆ గాసర్ సర్దార్ మితార్‌ది కాదని నాకు తెలుసు.

నాకెలా తెలుసో చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి. నేను పుట్టింది పై ఊళ్ళో, ఇప్పుడు నా తమ్ముడు మాషాన్ ఉంటున్న ఇంట్లో. నా చిన్నప్పుడు ఒక ఊటనీళ్ళ తగాదాలో రాదోసావ్ తండ్రి సావో మా పెద్దన్న వుక్సాన్‌ను కాల్చి చంపాడు. కాల్చింది సర్దార్ మితార్ రివాల్వర్‌తోనే. రెండిళ్ళ మధ్య రక్తం పడింది. మావాళ్ళు ఒకరిని చంపాలి, తరవాత వాళ్ళు ఒకరిని. అది జరగకముందే రెండూళ్ళ పెద్దలు కూర్చుని రాజీ కుదిర్చారు.

ఆ రాజీకి ఒక పద్ధతి ఉంది. చంపినవాడు చంపిన ఆయుధాన్ని మెడకు కట్టుకుని, చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ చచ్చినవాడి ఇంటికి రావాలి. అతని వాళ్ళందరూ చెప్పులు లేకుండా, తల మీద టోపీ లేకుండా వెనక నడవాలి. చచ్చినవాడి తండ్రి అతన్ని లేపి, ముద్దు పెట్టి, మెడలోంచి ఆయుధం తీసుకోవాలి. తరవాత అందరూ కలిసి తింటారు. ఆ రోజుతో మాట అయిపోతుంది. మళ్ళీ ఏ ఇంట్లోనూ ఎవరూ ఆ చావు గురించి గానీ, ఆ ఆయుధం గురించి గానీ ఎత్తకూడదు. ఎత్తినవాడు రాజీని విరిచినట్టు.

నేను మా మెట్ల మీద నిలబడి చూశాను. సావో రాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. రివాల్వర్ ఊగుతూ రాళ్ళకు తగిలి టంగుమంటోంది. వెనక వరసలో బ్లాజో ఉన్నాడు, అతని చెయ్యి పట్టుకుని ఐదేళ్ళ రాదోసావ్. మా నాన్న సావోను లేపి ముద్దు పెట్టాడు. ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు కూడా. నేను ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాను. ఆగాక, భోజనాలకు గిన్నెలు అందించాను. వుక్సాన్ చచ్చినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఏదో మందు రాసినట్టు లోపలంతా మొద్దుబారి ఉండేది. కొన్నాళ్ళకు పోతుందనుకున్నాను.

రాజీ గట్టిపడాలని నన్ను బ్లాజోకు ఇచ్చారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి గాసర్ గోడ మీద మేకుకు వేలాడుతోంది. కొందరు పెద్దమనుషులు మెడలోంచి తీసుకున్న ఆయుధాన్ని అదే రోజు తిరిగి ఇచ్చేస్తారు. అంతకన్నా పెద్ద మర్యాద మా దగ్గర లేదు. సావో తన కొడుకులకు అదే చెప్పుకున్నాడు, అవతలి పెద్దాయన తిరిగి ఇచ్చేశాడని. కానీ మా నాన్న ఇవ్వలేదు. అది మా ఇంట్లో మంచం కింద పెట్టెలో ఉందని నాకు తెలుసు. ఆ పెట్టె మీద పడుకునే పెరిగాను.

కోడలిగా వచ్చిన మొదటి చలికాలం, పశువుల కొట్టానికి నీళ్ళు మోసుకెళ్తే, మామగారు ఆ గోడ మీది గాసర్‌ను ఒళ్ళో పెట్టుకుని ఆకురాయితో గొట్టాన్ని రాస్తున్నాడు. గంటు అప్పటికి సగమే దిగింది. నన్ను చూసి చెయ్యి ఆపాడు.

"తుప్పు పట్టిందమ్మా" అన్నాడు.

నేను నీళ్ళు తొట్టిలో పోసి వచ్చేశాను. ఇనప రజను అతని మోకాలి మీద పడి ఉంది. ఎక్కడో రేవు పట్టణంలో కొనుక్కొచ్చి ఉంటాడు. మేకు ఖాళీగా ఉంటే వచ్చినవాళ్ళు అడుగుతారు, అడిగితే ఏమీ చెప్పకూడదు. నేనూ ఏమీ చెప్పలేదు, బ్లాజోకు కూడా.

రాదోసావ్ మాత్రం తిరిగి ఇచ్చిన మాటను నమ్మి పెరిగాడు. నమ్మి, ప్రతి శరత్కాలం మా పుట్టింటికి ఒక గొర్రెపిల్లను పంపేవాడు. ఎందుకో పైకి చెప్పేవాడు కాదు, చెప్పకూడదు గనక. ఒకసారి రకియా ఎక్కువై, "మీ నాన్నలాంటి మనిషి ఈ కొండల్లో మళ్ళీ పుట్టడు వదినా" అన్నాడు. నేను అవునన్నాను.

ముందుగదిలో లెస్కోవర్ ఇంకా భూతద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. ఉల్లిపాయలు అయిపోయాయి. నేను చేతులు తుడుచుకుని గుమ్మంలో నిలబడ్డాను.

లెస్కోవర్ భూతద్దం దించాడు. "రాదోసావ్ గారూ, దీన్ని మీరు రోజూ తుడుస్తారా?"

"ఆదివారం ఆదివారం."

"అందుకే ముద్రలు ఇంత బాగా కనిపిస్తున్నాయి." ఆయన గ్లాసు పక్కకు జరిపి రివాల్వర్‌ను కిటికీ వైపు తిప్పాడు. "ఇటు రండి. గుళ్ళు పెట్టే ఈ చక్రం మీద అండంలాంటి గీత, లోపల మూడు అక్షరాలు, పైన కిరీటం. కనపడిందా? ఇది బెల్జియం వాళ్ళ పరీక్ష ముద్ర. బెల్జియంలో మన గాసర్లకు నకళ్ళు చేసి ఇక్కడ అమ్మేవాళ్ళు. నకలు అయినంత మాత్రాన చెడ్డది కాదు, మంచి తుపాకే. కానీ ఆ ముద్ర మీద కిరీటం పెట్టడం మొదలైంది తొంభై మూడులో. మీ యుద్ధం డెబ్బై ఆరులో."

"ముద్ర తరవాత కొట్టి ఉండొచ్చు."

"ఉండొచ్చు. అందుకే గంటు చూశాను. కత్తి దెబ్బ పడితే ఇనుము ఎక్కడికీ పోదు. పక్కకు జరుగుతుంది. గంటుకు రెండు వైపులా పెదవుల్లా లేస్తుంది. ఇక్కడ వేలు పెట్టండి. పెదవుల్లేవు. ఇనుము జరగలేదు, పోయింది. ఇది ఆకురాయి."

రాదోసావ్ వేలు పెట్టాడు. చిన్నప్పటి నుంచి అక్కడ వేలు పెడుతూనే ఉన్నాడు. ఈసారి తియ్యలేదు.

"ఎవరు చేస్తారు అలాంటి పని?" అన్నాడు.

"చాలా మంది చేస్తారు. అమ్మడానికి చేస్తారు, గొప్పకు చేస్తారు. దుఃఖంతో చేసినవాళ్ళను కూడా చూశాను. నేను చేసినవాళ్ళ గురించి రాయను. ఇనుము గురించే రాస్తాను."

"అయితే మాది పెట్టరు."

"పెట్టలేను."

రాదోసావ్ నా వైపు చూడలేదు. గాసర్‌ను తీసుకెళ్ళి మేకుకు తగిలించాడు. వంకరగా ఉందని సరిచేశాడు. తిరిగి వచ్చి కూర్చుని ఆయన గ్లాసు నింపాడు.

"ఇక ఎవరిది చూస్తారు?"

"పై ఊళ్ళో ఒకటుందట. మాషాన్ అనే ఆయన ఇంట్లో. వాళ్ళ కోడలు మ్యూజియంలో పేరు ఇచ్చింది."

నా చేతిలో తుడుపుగుడ్డ ఉంది. దాన్ని మడిచాను.

"మాషాన్ మా వదిన తమ్ముడు" అన్నాడు రాదోసావ్. "వాడి దగ్గర గాసర్ ఉందా? ఎప్పుడూ చెప్పలేదే. నేనూ వస్తాను. దారి కూడా మీకు దొరకదు. వదినా, నువ్వూ రా. పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళైంది."

 వద్దనడానికి తోచినదేదీ చెప్పదగ్గది కాదు. శాలువా కప్పుకున్నాను.

కారులో రాదోసావ్ ముందు కూర్చున్నాడు. కొంత దూరం వెళ్ళాక లెస్కోవరే అడిగాడు, పాపం, మర్యాదకు.

"ఇప్పుడు చెప్పండి కథ. ఇనుము అయిపోయింది కదా."

రాదోసావ్ చెప్పాడు. మొదట చిన్న గొంతుతో, తరవాత చేతులు ఊపుతూ. కత్తి రావడం, గొట్టం అడ్డం పెట్టడం, ఇరుక్కున్న కత్తితోనే పేల్చడం. పిడి ఎముక, ఎడమ వైపున మూలలో విరిగిందట. కొండ మీద నుంచి పడ్డప్పుడు విరిగిన చోట తాతే నల్ల కొమ్ము ముక్క అతికించాడట. ఈ కొమ్ము ముక్క సంగతి పాటలో లేదు. నేను ఎప్పుడూ వినలేదు. మా గోడ మీది దానికి అలాంటి ముక్క లేదు. అతనికి అది ఎలా తెలుసునా అనుకున్నాను. ఐదేళ్ళప్పుడు ఆ వరసలో నడుస్తూ చూసి ఉంటాడు, లేదా అంతకు ముందే గోడ మీద. తన గాసర్‌లో ఆ ముక్క లేకపోవడం ఇన్నేళ్ళూ ఎలా సర్దుకున్నాడో. మనిషి నమ్మాలనుకుంటే అడ్డం వచ్చేవాటిని చూడకుండా తుడవగలడు.

మాషాన్ పెరట్లో కట్టెలు పేరుస్తున్నాడు. మమ్మల్ని చూసి గొడ్డలి దించాడు.

"అక్కా, చిక్కిపోయావేంటి? మా బావ తిండి పెట్టడం లేదా?"

"వండేది నేనే" అన్నాను.

"అయితే బావ ఎలా బతికి ఉన్నాడు?" అని రాదోసావ్‌ను కౌగిలించుకున్నాడు. "నువ్వు పంపిన గొర్రెపిల్ల ఇంకా నోట్లోనే ఉంది బావా. పళ్ళు లేవు కదా, కరగడానికి టైము పడుతుంది."

లోపల కూర్చున్నాక లెస్కోవర్ వచ్చిన పని చెప్పాడు. మాషాన్ ముఖం నుంచి నవ్వు పోయింది.

"నా దగ్గర అలాంటిదేం లేదు."

"మీ కోడలు చెప్పింది."

"దానికేం తెలుసు? దానికి తుపాకీకీ తలుపు గడియకీ తేడా తెలియదు."

"పెట్టెలో గుడ్డ చుట్టి ఉందని చెప్పింది."

మాషాన్ నా వైపు చూశాడు. నేను బల్ల మీది నూనెగుడ్డ మీద గళ్ళు చూస్తున్నాను. ఎరుపూ తెలుపూ గళ్ళు. ఏం చెప్పినా ఎవరో ఒకరికి తగులుతుంది, చెప్పకపోయినా తగులుతుంది. నాకు అప్పుడు భయం కూడా వేయలేదు. భయం వేయాల్సిన చోట ఏమీ లేదు.

"తే బావా" అన్నాడు రాదోసావ్. "నాది తేలిపోయింది, నకలట. నాకొక్కడికే ఎందుకు అవమానం? నీది కూడా చూడనీ."

అతను నవ్వించడానికే అన్నాడు. మాషాన్ నవ్వలేదు. లేచి లోపలికి వెళ్ళాడు. మంచం జరిగిన చప్పుడు, పెట్టె మూత చప్పుడు వినిపించాయి. చాలాసేపటికి వచ్చాడు. నూనె పట్టి పసుపుపచ్చగా మారిన నార గుడ్డ. బల్ల మీద పెట్టి, విప్పకుండా చేతులు వెనక్కి తీసుకున్నాడు.

లెస్కోవర్ విప్పాడు.

ఆయన ఈసారి భూతద్దం తీయలేదు. ముందు ఊరికే చూశాడు. పిడి మూలలో నల్ల కొమ్ము ముక్క ఉంది. తరవాత గంటు మీద బొటనవేలు పెట్టాడు. గంటుకు రెండు వైపులా ఇనుము లేచి ఉంది, దున్నిన చాలు పక్కన మట్టి లేచినట్టు. అక్కడ కిరీటం లేదు, బెల్జియం ముద్ర లేదు. బాణం గుచ్చుకున్న ఆపిల్ బొమ్మ ఉంది, అసలు గాసర్లు చేసిన ఊరు వియన్నా పేరు ఉంది. అవన్నీ ఆయన తనలో తాను చెప్పుకుంటున్నట్టు పైకి చెప్పాడు. చెప్పి కుర్చీలో వెనక్కి వాలాడు.

"కథ ముందు వినకూడదని అందుకే అంటాను. ఇప్పుడు నా కళ్ళు నేనే నమ్మలేకుండా ఉన్నాను" అన్నాడు. "అయినా ఇనుము ఇనుమే. దెబ్బ దెబ్బే. మాషాన్ గారూ, ఇది మీకు ఎక్కడిది?"

"సంతలో కొన్నాను."

"ఏ సంత?"

"ఇప్పుడు ఆ సంత లేదు."

"అమ్మింది ఎవరు?"

"చచ్చిపోయాడు."

"మీరు ఎప్పుడు కొన్నారు?"

"నాకు గుర్తు లేదు. నేను ముసలివాణ్ణి."

లెస్కోవర్ ఇక మాషాన్‌ను అడగలేదు. రాదోసావ్ వైపు తిరిగాడు. "కారులో మీరు చెప్పిన రివాల్వర్ ఇదే. ముక్క కూడా ఇదే. నేను నా జీవితంలో ఇంత తేటగా దేన్నీ చూడలేదు. కానీ ఇది ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి ఎలా వచ్చిందో ఎవరో ఒకరు చెప్పాలి. అది లేకుండా నేను పేరు రాయలేను. మీరిద్దరూ చుట్టాలు. అరువు ఇచ్చామనండి, పెళ్ళికి కానుక అనండి, ఏది నిజమైతే అది. ఒక్క మాట చాలు. గాజు పెట్టె కింద మీ తాత పేరు ఉంటుంది."

రాదోసావ్ గాసర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. గోడ మీది దాన్ని పట్టుకున్నట్టు రెండు చేతులతో కాదు, ఒక చేత్తో. బరువు చూసినట్టు కొంచెం ఆడించాడు. కొమ్ము ముక్క మీద వేలు వేశాడు. నేను అతని ముఖం చూస్తున్నాను. మొదట అక్కడ ఆనందంలాంటిది వచ్చింది. ఇల్లంతా వెతికిన వస్తువు కాళ్ళ దగ్గరే దొరికితే వచ్చేలాంటిది. తరవాత అది పోయింది. అతను తల ఎత్తి మాషాన్‌ను చూశాడు, తరవాత మంచం ఉన్న గది వైపు చూశాడు. తన తండ్రి చెప్పిన మాట ఒకటి, దాని మీద కట్టుకున్నవన్నీ, ఒక్కొక్కటే లెక్క చూసుకుంటున్నాడని నాకు తెలిసింది. తొందరపెట్టకుండా చూసుకోనిచ్చాం.

మాషాన్ నోరు తెరిచాడు. "బావా, ఇది నిజానికి—"

"మాది కాదు" అన్నాడు రాదోసావ్.

"కొమ్ము ముక్క?" అన్నాడు లెస్కోవర్.

"ఇక్కడ పిడి విరగని గాసర్ ఏది? ప్రతివాడూ కొమ్ముతోనే అతికించాడు."

"గంటు?"

"కత్తి మా తాత ఒక్కడి మీదకే వచ్చిందా?" రాదోసావ్ గాసర్‌ను గుడ్డ మీద పెట్టాడు. "మాది గోడ మీదుంది. నకలంటున్నారు కాబట్టి మాకు గాసర్ లేనట్టే. బావ సంతలో కొన్నానన్నాడు, కొన్నాడు. నా తమ్ముడి లాంటివాడు. అబద్ధం చెప్పడు."

లెస్కోవర్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఆయన ఈ కొండల్లో చాలా ఇళ్ళు తిరిగినవాడు. ఏం అర్థమైందో, భూతద్దాలు చొక్కాలోకి దోపుకుని, సిగరెట్ కాల్చుకుంటానని పెరట్లోకి వెళ్ళాడు.

గదిలో ముగ్గురం మిగిలాం. మాషాన్ గుడ్డను చుట్టి మూటను రాదోసావ్ వైపు తోశాడు.

"తీసుకెళ్ళు బావా."

"ఇచ్చినది ఇచ్చినట్టే ఉండాలి."

"నువ్వు ఇది మీ గోడ మీదే ఉందనుకుంటున్నావని నాకు తెలియదు. ఆ గొర్రెపిల్లలు అక్క కోసం అనుకున్నాను."

"ఇది ఎప్పుడైనా ఈ ఇల్లు దాటిందా?" అని అడిగాడు రాదోసావ్.

"లేదు."

"ఒక్క రోజుకైనా?"

"లేదు బావా."

రాదోసావ్ తల ఊపాడు. చొక్కా పై గుండీ తీశాడు.

"మొన్నటి గొర్రెపిల్ల కొంచెం ముదురు" అన్నాడు. "ఈసారి లేతది చూసి పంపిస్తాను."

"పంపించు" అన్నాడు మాషాన్. ముఖం పక్కకు తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు. నేను కప్పులు కడిగి బోర్లించాను. పుట్టింట్లో గిన్నెలు ఎక్కడ ఉంటాయో ఇంకా గుర్తుంది.

లెస్కోవర్ వెళ్ళేటప్పుడు మాషాన్ మూటను ఆయన చేతిలో పెట్టాడు. పేరు ఏమీ వద్దన్నాడు, తనది కూడా. ఇంట్లో ఉండకపోతే చాలన్నాడు.

ఆ సాయంత్రం మొక్కజొన్న సంకటి, పుల్లపాలు పెట్టాను. రాదోసావ్ తింటూ తింటూ అడిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నేను ఈ ఇంటికి వచ్చిన చలికాలం నుంచి."

"అన్నయ్యకి?"

"తెలియదు."

అతను కొంతసేపు నమిలాడు. "గంటు నాన్నే పెట్టాడా?"

"ఆయనే."

"బాగా పెట్టలేదు" అన్నాడు. "ఆకురాయి పట్టడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. ఉప్పు ఇటివ్వు."

ఉప్పు ఇచ్చాను. అతను ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడిస్తే ఏం చేయాలో ఆలోచించుకుని ఉంచుకున్నాను. అవసరం పడలేదు. గోడ మీది గాసర్‌ను దించమంటాడేమో అనుకున్నాను. ఆ మాటా అనలేదు. ఆదివారం వచ్చినప్పుడు మామూలుగానే గుడ్డ తీసుకుని తుడిచాడు.

మ్యూజియం తెరిచిన రోజు మేము వెళ్ళలేదు. బ్యాండు, ఉపన్యాసాలు అయ్యాయట. మంచు పడకముందు ఒక బుధవారం, నా కళ్ళ డాక్టరు దగ్గరకు పట్టణం వెళ్ళినప్పుడు, బస్సుకు ఇంకా టైముందని రాదోసావ్ అటు నడిచాడు. నేను వెనక నడిచాను.

గదిలో ఎవరూ లేరు, కుర్చీలో కునుకుతున్న కాపలా ఆవిడ తప్ప. మధ్యలో గాజు పెట్టె. లోపల ఎర్ర గుడ్డ మీద గాసర్, గంటు కనపడేలా పెట్టారు. రాదోసావ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వంగి చూశాడు, ఈ వైపు నుంచి, ఆ వైపు నుంచి. ఊపిరికి గాజు మసకబారింది. మోచేత్తో తుడిచాడు.

"గాజు ముట్టుకోకండి" అంది కాపలా ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

"ముట్టుకోను తల్లీ."

పెట్టె కింద ఒక అట్ట ముక్క ఉంది. రాదోసావ్ కళ్ళద్దాలు తెచ్చుకోలేదు.

"ఏముంది వదినా?"

నేను అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. "గాసర్ రివాల్వర్, వియన్నా. డెబ్బై ఆరు యుద్ధంలో వాడినది. గొట్టం మీద కత్తి దెబ్బ. ఎవరిదో తెలియదు."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"వాడినది అని ఉందిగా?"

"ఉంది."

"కత్తి దెబ్బ అని కూడా?"

"అదీ ఉంది."

"పెద్ద అక్షరాలేనా?"

"పెద్దవే."

అతను టోపీ పెట్టుకున్నాడు. కోటు గుండీలు కింది నుంచి పైకి పెట్టుకున్నాడు. బయట వాన మొదలైంది. మేము బస్సు ఆగే చోటుకు నడిచాం.